ఓవర్‌ల్యాండ్ మీట్‌కి వెళ్ళొచ్చా, బురద ట్రాక్‌లో మూడో గాడి దగ్గర దిగబడ్డా. అనుభవం + కొన్ని డౌట్లు

#1 దూరప్రయాణం

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదువుకుంటూ పోవడమే గానీ నేను రాసింది చాలా తక్కువ, కానీ మొన్న వీకెండ్ తర్వాత రాయకుండా ఉండలేకపోతున్నా. మొదటిసారి ఒక ఓవర్‌ల్యాండ్ మీట్‌కి, అంటే బండిలోనే ఉంటూ దూరాలు తిరిగేవాళ్ళు కలిసే చోటికి, వెళ్ళొచ్చా. రెండు రాత్రులు బండి పైన టెంట్‌లోనే పడుకున్నా, మూడో రోజు పొద్దున బురద ట్రాక్ తోలా.

ముందు బండి సంగతి. ల్యాడర్ ఫ్రేమ్ డీజిల్ ఎస్‌యూవీ, పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) ఉంది, డిఫ్ లాక్ (ఒకే ఇరుసు మీది రెండు చక్రాల్నీ కలిపి తిప్పేది) లేదు, ట్రాక్షన్ కంట్రోల్ (జారే చక్రానికి బ్రేక్ వేసేది) ఉంది. టైర్లు ఆల్ టెర్రైన్, సగం అరిగాయి. పైన రూఫ్ టెంట్, వెనక డ్రాయర్లు, ఫ్రిజ్, రెండో బ్యాటరీ, 40 లీటర్ల నీళ్ళు.

మీట్‌లో నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఎవరి దగ్గరికెళ్ళి అడిగినా వెనక డోర్ తెరిచి మొత్తం చూపించేస్తారు, వైరింగ్ దగ్గర్నుంచి ఏ బోల్టు వదులవుతుందో దాకా. ఒక పెద్దాయన పికప్ చూశా, చాలా దూరాలు తిరిగిన బండి, దాని రూఫ్ మీద రెండు రికవరీ బోర్డులు (దిగబడ్డ చక్రం కింద పెట్టే పలకలు) తప్ప ఏమీ లేవు. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ, పనిముట్లు అన్నీ కింద, సీటు వెనకాలకి ఆనించి, రెండు ఇరుసుల మధ్యలో. ఆయన దగ్గర గంటసేపు కూర్చున్నా, పార ఎక్కడ పెట్టుకోవాలి అనే ఒక్క విషయం మీదే పది నిమిషాలు మాట్లాడారు. దిగబడ్డాక వెనక డోర్ తెరుచుకోకపోవచ్చు కాబట్టి పార ఎప్పుడూ బయటే ఉండాలంట.

రెండో రాత్రి వాన దంచికొట్టింది. పొద్దున చూస్తే ట్రాక్ మొత్తం దమ్ము చేసిన మడిలా ఉంది. మొదట మోకాలి లోతు నీళ్ళ గుంట, తర్వాత జిగట మట్టి మిట్ట, దాని వెనక పల్లంలో వరసగా మూడు చోట్ల లోతైన చక్రాల గాళ్ళు. ముందు నడిచి చూడమని మార్షల్ (ట్రాక్ దగ్గర దారి చూపించే మనిషి) ఒకాయన నన్ను వెంటబెట్టుకుని కర్రతో ప్రతి గుంటా పొడిచి చూపించారు. టైర్లలో గాలి 32 పీఎస్‌ఐ ఉంటే 26కి తగ్గించా, అది చాలనుకున్నా. ఫోర్ లో, అంటే లో రేంజ్‌లో నాలుగు చక్రాలకీ పవర్, ఫస్ట్ గేర్.

గుంట దాటా, మిట్ట ఎక్కా, మొదటి గాడి, రెండో గాడి కూడా. మూడో దాంట్లో ముందు చక్రాలు దిగగానే బండి ఒక్కసారి బరువెక్కినట్టయింది, స్పీడు చచ్చిపోయింది, నా కాలు దానంతటదే ఎక్సలేటర్ మీద గట్టిగా పడిపోయింది. నాలుగైదు సెకన్లు అంతే. మార్షల్ పరిగెత్తుకొచ్చి బానెట్ మీద అరచేత్తో చరిచి రెండు చేతులూ అడ్డంగా ఊపారు. అప్పటికే ఇరుసు మట్టికి ఆనిపోయింది. దిగి టైరు చూస్తే దాని మీద గాళ్ళే లేవు, కుమ్మరి చక్రం మీద మట్టిముద్దలా నున్నగా ఉంది.

పారతో తవ్వి, కైనెటిక్ తాడుతో (సాగే తాడు) రెండో లాగుడికి బయటికొచ్చింది. ఇప్పుడు నా డౌట్లు: గాలి ఇంకా తగ్గించాల్సిందా? ఫస్ట్ గేర్ తప్పా? ఇంకోటి, ఇది భయపెడుతోంది, వచ్చేటప్పుడు రోడ్డు మీద 70 దాటితే స్టీరింగ్ విపరీతంగా వణుకుతోంది. కింద ఏమన్నా వంగిపోయిందా?

#2 లోరేంజ్

వణుకు గురించి ముందు చెప్తా, ఎందుకంటే అది తేలాకే బండి మళ్ళీ రోడ్డెక్కాలి. 90 శాతం అది రిమ్ము లోపల ఎండిపోయిన మట్టి. చక్రం బయటి వైపు కాదు, లోపలి వైపు, బ్రేక్ కాలిపర్ ఉండే పక్క చూడు. అక్కడ ఒక చోట ముద్ద పట్టుకుని గట్టిపడితే వీల్ బ్యాలెన్స్ పోయినట్టే, స్పీడు పెరిగేకొద్దీ వణుకుతుంది. పైపైన కడిగితే పోదు. చక్రాలు విప్పి చెక్కముక్కతో గీకి తీసెయ్. విప్పావు కాబట్టి నట్లు టార్క్ రెంచితోనే బిగించు, ఒక 50-100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చెక్ చెయ్.

అది తీసేశాక కూడా వణికితే అప్పుడు టై రాడ్, వీల్ బేరింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు చూపించు.

గాలి సంగతికొస్తే 26 అనేది గతుకుల మట్టి రోడ్డుకి బాగుంటుంది, అలాంటి జిగట బురదకి కాదు. నీ బండి బరువుకి 18-20 దాకా దించుకోవచ్చు. గాలి తగ్గిస్తే టైరు వెడల్పవుతుందని చాలామంది అనుకుంటారు గానీ నిజానికి నేలని తాకే ముద్ర ఎక్కువగా పొడవు పెరుగుతుంది, ట్రాక్టర్ గొలుసు పట్టాలాగా. దానివల్ల పట్టు దొరుకుతుంది, పైగా టైరు వంగి విప్పారుతుంటే గాళ్ళలో మట్టి రాలిపోతుంది. కానీ బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచుని బిగించి పట్టుకునేవి) లేకుండా 15 కిందకి వెళ్ళకు, మలుపులో స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము మీంచి ఊడొస్తుంది. ట్రాక్ అయిపోగానే కంప్రెసర్‌తో నింపేసుకోవాలి, తక్కువ గాలితో రోడ్డు మీద స్పీడుగా పోతే పక్కగోడ వేడెక్కి పేలిపోద్ది.

#3 పాతజీపు

తమ్ముడూ బాగా రాశావు. నేను చాలా ఏళ్ళుగా బురదలో తోలుతున్నా, గేర్ గురించి నేను చెప్తా. ఫోర్ లో ఫస్ట్ అనేది రాళ్ళెక్కడానికి, నిట్టనిలువు దిగడానికి. బురదలో ఫస్ట్ వేస్తే చక్రానికి అవసరానికి మించిన బలం వెళ్తుంది, కాలు కాస్త పడగానే గిర్రున తిరిగేస్తుంది. లో సెకండ్ పెట్టు, బండి తేలికైతే లో థర్డ్. గాడిలో దిగకముందే కావాల్సిన వేగం తెచ్చుకోవాలి, దిగాక కాలు కదపకూడదు, పెంచొద్దు, తగ్గించొద్దు, క్లచ్ ముట్టుకోవద్దు. వేగం అంటే దూకుడు కాదు, మనిషి పరిగెత్తే స్పీడు.

స్పీడు చచ్చిపోతున్నట్టు అనిపించినప్పుడు చేయాల్సిన పని స్టీరింగ్‌ని కొంచెం ఎడమకి కొంచెం కుడికి చకచకా ఊపడం. టైరు అంచులు గాడి గోడని కొరుక్కుంటాయి, చాలాసార్లు అదే బయటపడేస్తుంది. అయినా ముందుకు కదలట్లేదంటే వెంటనే కాలు తీసెయ్. వెంటనే. రివర్స్ వేసి నువ్వొచ్చిన గాడిలోనే వెనక్కి రా, అది నీ చక్రాలే గట్టి చేసిన దారి. ఆ నాలుగైదు సెకన్లు ఉన్నాయి చూడు, బండి దిగబడింది గాడి వల్ల కాదు, వాటి వల్ల. కాలు తీసేసి ఉంటే రివర్స్‌లో వచ్చేసేవాడివి.

బొటనవేళ్ళు స్టీరింగ్ లోపల పెట్టకు. గాడి గోడకి తగిలి స్టీరింగ్ ఎదురు తిరిగితే వేలు విరుగుద్ది, పవర్ స్టీరింగ్ లేని బళ్ళలో నా కళ్ళముందే జరిగింది.

#4 కొత్తబండి

మంచి థ్రెడ్, నేను కూడా వచ్చేసారి వెళ్దామనుకుంటున్నా. ఒక బేసిక్ డౌట్ అండి, తప్పుగా అనుకోకండి. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది కదా, మరి ఒక్క చక్రం జారితే మిగతా మూడూ ఎందుకు లాగవు? డిఫ్ లాక్ లేకపోతే ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి ఏం లాభం?

#5 లోరేంజ్

తప్పేముంది, ఇది అర్థమైతే సగం ఆఫ్ రోడింగ్ వచ్చేసినట్టే. రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ వేర్వేరు స్పీడుల్లో తిరగడానికే డిఫరెన్షియల్ పెట్టారు. మామూలు ఓపెన్ డిఫ్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానంగానే బలం ఇస్తుంది. చిక్కంతా అక్కడే. బురదలో ఉన్న చక్రం తిరగడానికి ఇంతే బలం చాలు కదా, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది, దాంతో బండి కదలదు. ముందు ఒకటి, వెనక ఒకటి జారితే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా ఉన్నచోటే నిలబడిపోతుంది.

డిఫ్ లాక్ వేస్తే రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి. అది లేని బళ్ళలో ట్రాక్షన్ కంట్రోల్ వేరే దారి పడుతుంది, జారుతున్న చక్రానికి బ్రేక్ వేస్తుంది. ఆ చక్రాన్ని తిప్పడానికి ఇప్పుడు ఎక్కువ బలం కావాలి, డిఫ్ సమానంగా ఇస్తుంది కాబట్టి రెండోదానికీ ఆ బలం వెళ్తుంది. ఐతే అది పని మొదలెట్టడానికి ఒకటి రెండు సెకన్లు నిలకడగా ఎక్సలేటర్ ఉండాలి. అందరూ చేసే తప్పు ఇక్కడే, టకటకా చప్పుడు వినగానే ఏదో విరిగిందని కంగారుపడి కాలు తీసేస్తారు, లేదంటే పూర్తిగా తొక్కేస్తారు. ఆ చప్పుడు బ్రేకులు పని చేస్తున్నట్టు గుర్తు. కాలు కదపకుండా రెండంటే రెండు లెక్కపెట్టు, పట్టు దొరికితే కదులుతుంది, లేదంటే పాతజీపు అన్న చెప్పినట్టు ఆపేసి వెనక్కి.

స్టెబిలిటీ కంట్రోల్ (బండి పక్కకి జారి అదుపు తప్పకుండా చూసేది) మాత్రం బురదలో ఆపేసుకోవాలి, అది ఇంజన్ పవర్ కోసేస్తుంది. చాలా బళ్ళలో ఫోర్ లో వేయగానే అదే ఆగిపోతుంది, మీ మాన్యువల్ చూసుకోండి.

#6 విన్చ్‌లైన్

అందరూ తోలడం గురించి చెప్పారు, నాకు లాగడం గురించి అడగాలనుంది. దూరప్రయాణం గారూ, తాడు మీ బండికి ఎక్కడ తగిలించారు? వెనక నుంచి లాగారా ముందు నుంచా? ఎవరు ఎంత దూరంలో నిలబడ్డారు?

#7 దూరప్రయాణం

వెనక నుంచే లాగారు, వచ్చిన దారినే. నేను బంపర్‌లో మర తిప్పి బిగించే కొక్కెం ఉంది కదా, టూల్ కిట్‌లో వస్తుంది, అది తీసి బిగించబోతే మార్షల్ నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశారు. కింద పడుకుని చాసిస్ మీద రెండు వైపులా ఉన్న రికవరీ పాయింట్లకి ఒక బ్రైడిల్ (రెండు పాయింట్లనీ కలిపే పట్టీ) కట్టి, దానికి సాఫ్ట్ షాకిల్‌తో (తాడుతో చేసిన కొలికి) తాడు కలిపారు. అందర్నీ బాగా వెనక్కి పంపారు. ముందు ఊరికే లాగితే కదల్లేదు. అప్పుడు నాలుగు చక్రాల వెనకా మట్టి తవ్వి వాలు చేశాం, అరగంట పట్టింది, తర్వాత మెల్లగా వచ్చింది. తవ్విన చోట సొర్రుమని గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చింది, అది ఇంకా చెవుల్లో ఉంది.

#8 విన్చ్‌లైన్

ఆ మార్షల్‌కి దండం పెట్టాలి. ఆ మర కొక్కెం బండిని రోడ్డు మీద నెమ్మదిగా లాక్కెళ్ళడానికి, ట్రక్కెక్కించి కట్టడానికి ఇచ్చింది. కైనెటిక్ తాడు 30 శాతం దాకా సాగుతుంది, అంటే సాగిన రబ్బరులా బలం దాచుకుని ఒక్కసారి వదులుతుంది. ఆ కుదుపుకి కొక్కెం ఊడితే అది తూటాలాగే వస్తుంది. ట్రైలర్ తగిలించే బంతికి తాడు వేయడం ఇంకా ఘోరం, బంతి మెడ విరిగి అద్దంలోంచి దూసుకొచ్చి మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. దయచేసి ఎవరూ ఎప్పుడూ చేయకండి, పక్కవాళ్ళు చేస్తుంటే ఆపండి, వాళ్ళకి కోపం వచ్చినా సరే.

జనం తాడు పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. తాడు దాటడం, తాడు వరసలో నిలబడటం అస్సలు వద్దు.

ఇక తవ్వితే ఎందుకొచ్చిందో చెప్తా. సైన్యంలో రికవరీ వాళ్ళు వాడే ఒక లెక్క ఉంది. బండి చక్రాల లోతు దిగబడితే దాని బరువంత అడ్డు, ఫెండర్ దాకా దిగితే బరువుకి రెండింతలు, క్యాబిన్ దాకా దిగితే మూడింతలు. రెండున్నర టన్నుల బండి చక్రాల లోతు దిగినా దాదాపు రెండున్నర టన్నుల బలంతో లాగాలన్నమాట. అందుకే పార అన్నిటికంటే ముందు. తవ్వితే అడ్డు తగ్గుతుంది, మట్టి కింద గాలి చొరబడి పీల్పు వదులుతుంది, మీరు విన్న చప్పుడు అదే.

విన్చ్ (బండికి బిగించిన, తాడు చుట్టుకుంటూ లాగే యంత్రం) ఉన్నవాళ్ళకి ఒక మాట. డబ్బా మీద రాసిన కెపాసిటీ డ్రమ్ము మీద మొదటి చుట్టుకి మాత్రమే, పై చుట్లలో బలం తగ్గిపోతుంది. కాబట్టి తాడు ఎక్కువ వదలండి, పుల్లీ వేసి మడత పెట్టండి, లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, స్పీడు సగమవుతుంది, బురదలో నెమ్మదే కావాలి.

#9 చక్రాలమీదిల్లు

అందరూ టైర్లు గేర్లు అంటున్నారు, నాకు మొదటి పోస్ట్‌లో కనిపించింది బరువు. నేనూ మావారూ ఏడేళ్ళుగా బండిలోనే ప్రయాణాలు చేస్తున్నాం, నా మాట వినండి. రూఫ్ టెంట్ ఎంత లేదన్నా 50-60 కేజీలు, నీళ్ళు 40, డ్రాయర్లు ఫ్రిజ్ కలిపి ఇంకో 70-80, రెండో బ్యాటరీ లెడ్ యాసిడ్ 100 ఏహెచ్ ఐతే అదొక్కటే 25 దాటుతుంది, లిథియం ఐతే సగం కూడా ఉండదు. ఇదంతా వెనక ఇరుసు మీదా రూఫ్ మీదా పడింది. పక్కకి ఒరిగిన గాడిలో 60 కేజీలు రూఫ్ మీద ఉంటే బండి ఎలా ఊగుతుందో మీకు తెలిసే ఉంటుంది. ట్రాక్‌కి వెళ్ళేముందు టెంట్ విప్పేసి, నీళ్ళు వంపేసి, సామాన్లు క్యాంప్‌లో దించి వెళ్ళాల్సింది బాబూ.

ఇంటికెళ్ళాక ఒకసారి మొత్తం లోడ్‌తో కాటా వేయించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా.

#10 పాతజీపు

అమ్మా మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఇక్కడ ఒప్పుకోను. ఖాళీ బండితో బురద దాటి ఏం నేర్చుకుంటాడు? దూరం పోయేటప్పుడు దారిలో బురద వస్తే అక్కడ టెంట్ ఎక్కడ దించుతాడు? లోడ్‌తో ఎలా ఉంటుందో మార్షల్స్, తాళ్ళు, నలుగురు మనుషులు ఉన్నచోటే తెలుసుకోవాలి.

1955లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కుర్రాళ్ళు ఆరుగురు రెండు సిరీస్ వన్ ల్యాండ్ రోవర్లలో లండన్ నుంచి సింగపూర్ బయల్దేరి 1956లో చేరుకున్నారు. బళ్ళ నిండా సామానే. ఓవర్‌ల్యాండ్ అంటే లోడ్‌తో తోలడమే.

#11 చక్రాలమీదిల్లు

వాళ్ళు లోడ్‌తోనే వెళ్ళారు నిజమే, కానీ ఆ దారిలో బురద వాళ్ళ ముందుకొచ్చింది, వీళ్ళు వెతుక్కుని మరీ దిగారు. అదే నా బాధ. నేను అనేది లోడ్‌తో వద్దని కాదు, మొదటిసారే వద్దని. ఖాళీగా ఒక రౌండ్, కాలు ఎక్కడుండాలో తెలిశాక లోడ్‌తో ఇంకో రౌండ్. తేడా ఒంటికి తెలుస్తుంది, లేకపోతే దిగబడింది బరువు వల్లనా కాలు వల్లనా అని ఎప్పటికీ తేలదు, ఈ థ్రెడ్‌లో మనం కొట్టుకుంటున్నట్టే.

#12 పాతజీపు

రెండు రౌండ్లు అనేది బాగుందమ్మా. దానికి ఒప్పుకుంటా.

#13 లోరేంజ్

మోకాలి లోతు గుంట దాటావన్నావు కదా, దాని గురించి ఎవరూ అడగలేదు. వెనక డిఫ్ ఆయిల్ చెక్ చేశావా? కొంచెం దూరం తోలాక డిఫ్ వేడిగా ఉంటుంది, చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుపోతుంది, బయట్నుంచి గాలి పీల్చుకోవాలి. దానికోసం హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోయినా, నీళ్ళలో మునిగినా, గాలి బదులు నీళ్ళు లాగుతుంది, బ్రీదర్‌లోంచో సీళ్ళలోంచో. డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఆయిల్ తెల్లగా పాలు కలిసినట్టుంటే నీళ్ళు చేరినట్టే, మార్చేయాలి, లేకపోతే బేరింగులు పోతాయి.

కొత్తబండి గారికి కూడా: నీళ్ళలో మనిషి నడిచే స్పీడు, ముందు చిన్న అల లేవాలి, ఆ అల వెనకే మనం పోవాలి, మధ్యలో గేర్ మార్చొద్దు. మధ్యలో ఇంజన్ ఆగిపోతే మాత్రం మళ్ళీ స్టార్ట్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే నీళ్ళు గాలిలా నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజన్ దించాల్సిందే.

#14 కొత్తబండి

చాలా థాంక్స్ అండి అందరికీ. నడిచి చూడటం, గాలి 20, లో సెకండ్, ఖాళీ బండి. ఇవి కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డ్ మీద అంటించుకుంటున్నా.

#15 దూరప్రయాణం

అప్‌డేట్. ఆదివారం మొత్తం బండి కిందే ఉన్నా. నాలుగు చక్రాలూ విప్పా. ముందు కుడి రిమ్ము లోపల అరచేయి మందాన మట్టి పెళ్ళ, రాయిలా గట్టిపడి ఉంది, స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తే ఒక్క ముక్కగా ఊడొచ్చింది, దాని మీద రిమ్ము వంపు అచ్చు పడి ఉంది. వెనక ఎడమ దాంట్లో కూడా కొంచెం. గీకి, కడిగి, నట్లు టార్క్ పెట్టి బిగించి రోడ్డెక్కా. 100 దాకా వెళ్ళా, స్టీరింగ్ కదల్లేదు.

లోరేంజ్ అన్నా, నువ్వు అడక్కపోతే నేను చూసేవాణ్ణే కాదు. వెనక బ్రీదర్ మూత పూర్తిగా మట్టితో నిండిపోయింది, గుండుసూది పెట్టి తవ్వాల్సొచ్చింది. ఆయిల్ డ్రెయిన్ చేస్తే తెల్లగా వచ్చింది. ముందు డిఫ్ ఆయిల్ శుభ్రంగా ఉంది. వెనకది మార్చేశా, ఒక వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి మారుస్తా, బ్రీదర్‌కి పైపు వేసి ఇంజన్ బే దాకా పైకి తీసుకెళ్తా. రేడియేటర్ రెక్కల్లో కూడా మట్టి ఉంది, వెనక వైపు నుంచి తక్కువ ప్రెషర్ నీళ్ళతో కడిగా.

అక్కా, కాటా కూడా వేయించా. ఫుల్ ట్యాంక్, ఇద్దరం మనుషులం, మీట్‌కి వెళ్ళినప్పటి సామానే. మొత్తం 2,640 కేజీలు. ప్లేట్ మీద గ్రాస్ వెయిట్, అంటే లోడ్‌తో కలిపి దాటకూడని బరువు, 2,700. వెనక ఇరుసు లిమిట్‌కి 35 కేజీలే తక్కువ. కాటా చీటీ చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశా. డ్రాయర్లు విప్పేస్తున్నా, రెండు ప్లాస్టిక్ పెట్టెలు చాలు. నీళ్ళు ముందు సీట్ల వెనకాలకి మారుస్తున్నా. టెంట్ ఉంచాలా తీసేయాలా ఇంకా తేలలేదు, నాకు ఆ టెంట్ మీద ప్రేమ ఉంది.

#16 చక్రాలమీదిల్లు

టెంట్ ఉంచుకోండి, దాని పక్కన కట్టినవి తీసేయండి. ఇంకోటి, కింద కడిగేటప్పుడు ఆ మట్టి ఏ కాలవలోకో పోకుండా చూడండి, ఒకచోటి కలుపు గింజలు ఇంకోచోటికి మోసుకెళ్ళేది మన చక్రాలే. మేము ట్రాక్ దగ్గరే కడుక్కుని బయల్దేరతాం.

#17 పాతజీపు

తమ్ముడూ వచ్చే మీట్‌కి చెప్పు. నేనూ వస్తా. ఆ మూడో గాడి ముందు ఖాళీగా, తర్వాత లోడ్‌తో, లో సెకండ్‌లో. నేను పక్క సీట్లో కూర్చుంటా, కాలు తీసెయ్ అని నేను చెప్పేది ఒక్కసారే.

#18 దూరప్రయాణం

తప్పకుండా అన్నా. పార బయటే కట్టి ఉంచుతా.